టైరు కొత్తదే... వాల్వు?

మే నెల, మిట్టమధ్యాహ్నం. హైదరాబాద్–విజయవాడ రహదారి మీద సూర్యాపేట దాటాక ఒక పెట్రోలు బంకు. పెళ్లికి బయల్దేరిన కుటుంబం బండి ఆపింది. భార్యాభర్తలు, మధ్యలో నాలుగేళ్ల పాప, హ్యాండిల్‌కి తగిలించిన చదివింపుల సంచి. పెట్రోలు పోయించుకున్నాక "వెనక కాస్త గాలి తగ్గినట్టుంది, పట్టించుకుని పోదాం" అన్నాడాయన. గాలి మిషను దగ్గర ఒక్కడే కుర్రాడు, ముందు నాలుగు బళ్లు. వీళ్ల వంతు వచ్చేసరికి గొట్టం పొడవు చాలలేదు. బండి ఇంకో అడుగు జరపమని చెప్పే ఓపిక కూడా లేనట్టుంది వాడికి. గొట్టాన్నే సాగదీసి, వాల్వును పక్కకు వంచి, అడ్డంగా నొక్కిపెట్టాడు. టైరు గట్టిపడింది. గొట్టం తీశాడు. సుయ్...మన్న చప్పుడు మాత్రం ఆగలేదు.

మళ్లీ గొట్టం పెట్టాడు. లోపలికి పోయే గాలికంటే బయటికొచ్చేదే ఎక్కువ. వంగి చూస్తే, వాల్వు రిమ్ములోకి దిగేచోట గోరంత చీలిక. వాల్వును ఇటు వంచితే చప్పుడు ఆగుతోంది, అటు వంచితే మళ్లీ మొదలు.

"ఏం చేశావు బాబూ?" అన్నాడాయన.

"నేనేం చేశానన్నా, గాలి పట్టానంతే!"

"టైరు కొత్తదేనండీ, సంక్రాంతికే కదా మార్పించారు..." అంది ఆవిడ.

ముగ్గురి మాటా నిజమే. టైరు కొత్తదే. కుర్రాడు గాలే పట్టాడు. చివరి దెబ్బ మాత్రం అతని చేతిలో పడింది కాబట్టి ఆ ప్రశ్నా సబబే. ఎవరూ అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది. సంక్రాంతికి టైరు విప్పి కొత్తది ఎక్కించినప్పుడు, ఆ రబ్బరు వాల్వు ఎందుకు మార్చలేదు? షాపువాడు మార్చలేదు, వీళ్లు అడగలేదు. బండితో పాటు షోరూము నుంచి వచ్చిన ఆ వాల్వు, రెండు టైర్ల జీవితకాలం చూసి, ఎండలో సూర్యాపేట దాకా వచ్చి పోయింది.

ఎవరి అనుమతీ అక్కర్లేని రిపేరు

మన వస్తువు మనమే బాగు చేసుకునే హక్కు గురించి ఈ మధ్య బాగానే మాట్లాడుకుంటున్నాం. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో దీని మీద కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, ఒక పోర్టల్ కూడా తెరిచింది. వ్యవసాయ యంత్రాలు, సెల్‌ఫోన్లు, గృహోపకరణాలతో పాటు వాహనాలనూ అందులో చేర్చారు. చర్చంతా ఫోను బ్యాటరీల చుట్టూ, కంపెనీలు దాచుకునే సాఫ్ట్‌వేర్ చుట్టూ తిరుగుతోంది. బండి వాల్వుకు ఆ గొడవలేవీ లేవు. తాళం వేసిన సాఫ్ట్‌వేర్ లేదు, విడిభాగం దొరకదన్న బెంగ లేదు. యాభై రూపాయలకు అటూ ఇటూగా ఏ స్పేర్‌పార్ట్స్ కొట్లోనైనా ఇస్తారు. అయినా ఇంట్లో మార్చుకునేవాళ్లు అరుదు. వాల్వు కష్టమైనది కావడం వల్ల కాదు, దాని దాకా చేరడం కష్టం కాబట్టి. ఆ కష్టం ఎక్కడుందో ముందే తెలిస్తే, ఎంతవరకు మనం చేయాలో, ఎక్కడ ఆపి చక్రాన్ని షాపుకు మోసుకుపోవాలో తేలిపోతుంది.

భయపెట్టడం ఈ కథనం ఉద్దేశం కాదు. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లు. అతివేగం, హెల్మెట్ లేకపోవడం లాంటి కారణాల పక్కన వాల్వును నిలబెడితే అతిశయోక్తే అవుతుంది. కాకపోతే, ముందు చక్రంలో గాలి ఒక్కసారిగా పోతే హ్యాండిల్ చేతిలో నిలవదన్నది బండి నడిపే ప్రతివాడికీ తెలుసు. కిందటి తరం బళ్లలో ఈ ప్రమాదానికి కారణం ట్యూబు. ఇప్పుడు అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు వచ్చాయి. మేకు దిగినా గాలి నెమ్మదిగానే పోతుందన్న ధీమా వచ్చింది. ఆ ధీమా టైరు విషయంలో సరైనదే. వాల్వు మొదలంటా ఊడితే మాత్రం ట్యూబ్‌లెస్ అయినా ఇంకోటైనా ఒకటే. చిటికెనవేలు పట్టేంత కన్నంలోంచి గాలంతా క్షణాల్లో పోతుంది.

ఉమ్ము పరీక్షకు దొరకని జబ్బు

మనం వాల్వు అని ఒక్కమాటలో అనేస్తాం గానీ అందులో ఉన్నవి రెండు. బయటికి కనిపించేది ఇత్తడి గొట్టానికి రబ్బరు తొడిగిన కాడ. ఆ గొట్టం లోపల స్ప్రింగుతో ఉండే సన్నటి పిన్ను. గాలి పట్టేటప్పుడు మిషను గొట్టం మూతి ఆ పిన్నును నొక్కుతుంది, దారి తెరుచుకుంటుంది. గొట్టం తీయగానే స్ప్రింగూ, లోపలి గాలీ కలిసి పిన్నును వెనక్కి తోసి దారి మూసేస్తాయి. గాలిని ఆపేది గాలే అన్నమాట. టైరులో పీడనం ఎంత ఉంటే పిన్ను అంత గట్టిగా బిగుస్తుంది.

పంచరు షాపులో గాలి పట్టాక వేలికి ఉమ్ము తడి చేసుకుని వాల్వు మూతికి రాయడం చూసే ఉంటారు. బుడగ రాకపోతే "వాల్వు ఓకే" అంటారు. పద్ధతి శుభ్రంగా లేకపోవచ్చు, పరీక్ష మాత్రం సరైనదే. కానీ అది పరీక్షించేది పిన్నును మాత్రమే. పిన్ను వదులైతే చిన్న వాల్వు కీతో సగం తిప్పు బిగిస్తే సరిపోతుంది, పాడైతే కొత్త పిన్ను వేస్తే పోతుంది. చక్రం విప్పే పనే లేదు. అసలు జబ్బు ఉండేది కాడ మొదట్లో. బండి నిలబెట్టి ఉన్నప్పుడు కాడ నిటారుగా ఉండి చీలిక మూసుకుపోతుంది, బుడగలు రావు. చక్రం తిరిగేటప్పుడు, గొట్టం వంచినప్పుడు తెరుచుకుంటుంది. అందుకే "రాత్రి పట్టించిన గాలి పొద్దుటికి ఉంది, ఆఫీసుకెళ్లేసరికి లేదు" అనే ఫిర్యాదు వింటే తెలిసిన మెకానిక్కు టైరులో మేకు కోసం వెతకడు. ముందు కాడను వేలితో మెల్లగా నాలుగు పక్కలకూ వంచి, మొదట్లో సబ్బునీళ్లు పోసి చూస్తాడు.

రబ్బరు ఎందుకు చీలుతుంది? గాలిలో ఉండే ఓజోను రబ్బరుకు శత్రువు. ముఖ్యంగా సాగిన, వంగిన రబ్బరు మీదే అది సన్నటి పగుళ్లు వేస్తుంది. దానికి మన ఎండ తోడు. చెట్టునీడ లేని పార్కింగులో రోజంతా నిలబడ్డ బండికి ఈ ముసలితనం ఇంకా త్వరగా వస్తుంది. మనం చేజేతులా చేసే చేటు మరొకటుంది. మురికి వదలాలని బండిని డీజిలు, కిరోసిను కొట్టి కడిగించడం. గేరుబాక్సు మీద జిడ్డుకు అది మందే కావచ్చు, రబ్బరుకు మాత్రం విషం. పెట్రోలియం నూనెలు తగిలితే సహజ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

ఇక గాలి పట్టే తీరు. స్కూటర్ల సంగతి చూడండి. చక్రం చిన్నది, హబ్బు పెద్దది, ఒక పక్క సైలెన్సరు. గాలి గొట్టం మూతి దూరేంత చోటే ఉండదు. పట్టేవాడు వాల్వును వంచక ఏం చేస్తాడు? ఏళ్ల తరబడి ప్రతిసారీ ఒకే పక్కకు వంగిన కాడ ఆ పక్కనే చీలుతుంది. దీనికి విరుగుడుగా అడ్డంగా తిరిగి ఉండే మెటల్ వాల్వులు దొరుకుతున్నాయి. నట్టుతో రిమ్ముకు బిగించే రకం, మూతి పక్కకు చూస్తుంది. స్కూటరు ఉన్నవాళ్లు టైరు మార్చే రోజున ఆ సంగతి అడిగితే మంచిది. చాలా కొత్త బళ్లలో ఇవి ముందే ఎందుకు వేయరో కంపెనీలే చెప్పాలి.

---

▣ పది గ్రాములు, కిలో బరువు

వాల్వు మూత తీసేసి దాని స్థానంలో గాలి పీడనం చెప్పే చిన్న సెన్సరు బిగించుకోవడం కొందరికి సరదా. సరదా మంచిదే, బరువు లెక్క చూసుకోవాలి. పదిహేడు అంగుళాల చక్రం గంటకు 80 కిలోమీటర్ల వేగంతో తిరిగేటప్పుడు, వాల్వు దగ్గర ఉన్న వస్తువు తన బరువుకు వంద రెట్లు పైగా బలంతో బయటికి లాగబడుతుంది. అంటే పది గ్రాముల సెన్సరు దాదాపు కిలో బరువై రబ్బరు కాడ మీద కూర్చుంటుంది. కాడ కొంచెం వాలి ఉంటే ఆ కిలో దాన్ని వంచడానికే చూస్తుంది. సెన్సరు పెట్టాలనుకుంటే మెటల్ వాల్వు వేయించుకున్నాకే పెట్టండి.

ఇదే లెక్క పిన్నుకూ వర్తిస్తుంది. వేగంగా తిరిగే చక్రంలో పిన్ను తెరుచుకునే దిశలోనే లాగబడుతుంది. మామూలు వేగాల్లో స్ప్రింగు, గాలి దాన్ని ఆపుతాయి. అందుకే రేసు బళ్లవాళ్లు మూత లేకుండా బయల్దేరరు. మూతలో రబ్బరు వాషరు ఉంటే అది రెండో కాపలా. లేకపోయినా దుమ్మునైనా ఆపుతుంది.

---

ఫ్యాక్టరీ తప్పూ ఉండొచ్చు

అన్నిసార్లూ ఎండనీ, బంకు కుర్రాణ్నీ తిట్టి లాభం లేదు. చైనాలో 2006లో తయారై అమెరికాకు వెళ్లిన రబ్బరు వాల్వులు కొన్ని నిండా రెండేళ్లు తిరగకముందే పగుళ్లు తేలాయి. ఫ్లోరిడాలో ఒక కారు బోల్తాపడి ప్రాణం పోయిన కేసుతో సంగతి బయటపడింది. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2008లో హెచ్చరిక జారీ చేసింది, దిగుమతిదారులు వాల్వులు వెనక్కి పిలవాల్సి వచ్చింది. టైరుకు బ్రాండు చూసే మనం వాల్వుకు చూడం. కొట్టువాడు డబ్బాలోంచి చేత్తో తీసి ఇచ్చిన దాన్ని జేబులో వేసుకుంటాం. మన దేశంలోనూ పేరున్న తయారీదారులున్నారు. 1975లో మొదలైన ట్రైటన్ వాల్వ్స్ మైసూరులో వీటిని చేస్తోంది. తయారీదారు పేరు, సైజు నంబరు అచ్చేసి ఉన్నది అడిగి తీసుకోవడానికి పది రూపాయలు ఎక్కువైతే ఇచ్చేయండి.

మీ బండికి ట్యూబు ఉందా, లేదా?

ఇక్కడే చాలామంది పొరబడతారు. చువ్వల చక్రం ఉన్న బండికి మామూలుగా ట్యూబే ఉంటుంది. చువ్వలు దిగే కన్నాల్లోంచి గాలి పోతుంది కాబట్టి. ఆ ట్యూబు వాల్వు ట్యూబుకే కాల్చి అతికించి వస్తుంది. విరిగితే మార్చాల్సింది ట్యూబు మొత్తాన్ని. జిగురు, రబ్బరు ముక్క, వైరు చుట్టడం లాంటి ప్రయోగాలు ఇంటిదాకా చేరుస్తాయేమో గానీ మర్నాటికి పనికిరావు. ట్యూబు వాల్వు ఎక్కువగా విరిగేది గాలి తక్కువగా నడిపినప్పుడు. బ్రేకు వేసిన ప్రతిసారీ టైరు రిమ్ము మీద కొద్దికొద్దిగా జారుతుంది, ట్యూబును తనతో లాక్కుపోతుంది. వాల్వు మాత్రం కన్నంలో ఇరుక్కుని వాలిపోతుంది. వాలిన వాల్వు కనిపిస్తే అది ముందస్తు నోటీసు. చాలామంది ఆ వాల్వు నట్టును రిమ్ముకు ఆనించి గట్టిగా బిగిస్తారు. అలా బిగిస్తే వాలడం కనిపించదు, ఒకరోజు తెగడమే కనిపిస్తుంది. నట్టును వదులుగా మూత దగ్గరకు తిప్పి ఉంచడమే మేలు.

అల్లాయ్ చక్రం, టైరు మీద 'ట్యూబ్‌లెస్' అన్న అచ్చు, రిమ్ములోంచి నేరుగా పుట్టినట్టున్న నల్లటి రబ్బరు కాడ. ఇవి మూడూ ఉంటే ఇక చదవబోయేది మీ కోసమే.

ఇంటి ముందు, వేప చెట్టు కింద

కావలసినవాటిలో సగం ఇంట్లోనే ఉంటాయి. సెంటర్ స్టాండు ఉన్న బండి, స్పానర్లు, సబ్బునీళ్లు, పదునైన కత్తి, రెండు చెక్క దిమ్మెలు, పాత గోనెసంచి. కొనాల్సినవి వాల్వు కీ, వాల్వు లాగే పుల్లరు, రెండు టైరు లీవర్లు. కొత్త వాల్వు కొనే ముందు సైజు తెలియాలి. మన బళ్ల అల్లాయ్ రిమ్ముల్లో ఎక్కువగా కనిపించేది పదకొండున్నర మిల్లీమీటర్ల కన్నం. దానికి 'టీఆర్ 412' అనే పొట్టి రకం, లేదా 'టీఆర్ 413' అనే కొంచెం పొడుగు రకం సరిపోతాయి. బైకుకు పొట్టిదే మంచిది, తక్కువ ఊగుతుంది. కొన్ని రిమ్ములకు ఎనిమిది మిల్లీమీటర్ల పైచిలుకు సన్నటి కన్నం ఉంటుంది. వాటికి నట్టుతో బిగించే మెటల్ రకమే పడుతుంది. అనుమానముంటే కొట్టువాడికి పాతదాని ఫొటో చూపించండి.

చక్రం ఊడదీయడం గురించి ఎక్కువ చెప్పను. మాన్యువల్‌లో బొమ్మలతో ఉంటుంది. ఊడదీసే ముందు రెండు పక్కలా సెల్‌ఫోనుతో ఫొటోలు తీసుకోండి. ఏ బుష్షు ఏ పక్కదో, వాషరు ముందా నట్టు ముందా అన్న వాదన సాయంత్రం మీతో మీకే వస్తుంది. డిస్కు బ్రేకు ఉంటే చక్రం బయట ఉన్నంతసేపూ బ్రేకు నొక్కవద్దు, ఇంట్లో పిల్లల్ని నొక్కనివ్వవద్దు. ప్యాడ్లు దగ్గరపడితే చక్రం మళ్లీ దూరదు. చక్రాన్ని నేల మీద డిస్కు ఆనేలా పడుకోబెడితే డిస్కు వంగుతుంది. కింద చెక్కదిమ్మెలు, వాటి మీద గోనెసంచి వేసి, డిస్కు పైకి ఉండేలా పడుకోబెట్టండి. వాల్వు ఎదురుగా టైరు మీద సుద్దతో గీత గీయండి. టైరు, రిమ్ము మళ్లీ అదే జోడీగా ఉంటే బ్యాలెన్సు చెడదు.

ఇప్పుడు పిన్ను పూర్తిగా విప్పి గాలంతా వదిలేయాలి. మిగతా అంతా ఒక ఎత్తు, ఆ తర్వాతి పని ఒక ఎత్తు. టైరు అంచును రిమ్ము నుంచి విడదీయడం. ట్యూబ్‌లెస్ టైరు అంచులో ఉక్కు తీగల కట్ట ఉంటుంది. అది రిమ్ము గట్టు వెనక ఇరుక్కుని, ఏళ్లుగా అతుక్కుపోయి ఉంటుంది. కాళ్లతో తొక్కితే రాదు. పైకెక్కి గెంతినా రాదు. షాపువాళ్లకు దీనికి పొడవాటి కర్ర మిషను ఉంటుంది. ఇంట్లో అయితే వడ్రంగులు వాడే పెద్ద సి-క్లాంపుతో కొద్దికొద్దిగా బిగిస్తూ అంచును లోపలికి నొక్కొచ్చు. పాత మెకానిక్కుల చిట్కా ఇంకొకటుంది. చక్రాన్ని పడుకోబెట్టి, ఇంకో బండి సైడు స్టాండు పాదం టైరు పక్కభాగం మీద, రిమ్ముకు అంగుళం దూరంలో పడేలా నిలబెట్టి, ఆ బండిని మెల్లగా వాల్చడం. బండి బరువుకు అంచు 'టక్'మని దిగుతుంది. దీనికి రెండో మనిషి ఉండాలి, ఆ మనిషి నవ్వకుండా బండి పట్టుకోవాలి.

ఒక పక్క అంచు చుట్టూ దిగితే చాలావరకు సరిపోతుంది. టైరును మొత్తం రిమ్ము నుంచి తీయనక్కర్లేదు. ఇంట్లో చేసుకునేవాడికి ఇదే పెద్ద ఊరట. లీవర్లతో రిమ్ము గీసుకుపోయే అవకాశం కూడా తగ్గుతుంది. ఒకవేళ టైరు తీయాల్సివస్తే, రిమ్ము మధ్యలో ఉన్న పల్లంలోకి ఎదుటి పక్క అంచును నొక్కి ఉంచితేనే ఇటు పక్క లీవరు లేస్తుంది. బిగుతు గాజులు వేసుకునేటప్పుడు అరచేతిని మడిచినట్టు. మడవకుండా బలం చూపిస్తే ఇక్కడా గాయమే.

వాల్వు దగ్గర టైరును కిందికి నొక్కి, సందులో చెక్క ముక్క ఇరికించండి. బయటి పక్క కాడను రిమ్ముకు ఆనుకుని కోసేసి, మిగతాది లోపలికి తోసి చేత్తో తీయండి. ఆ ముక్కను లోపలే వదిలేయకండి. కన్నం అంచున తెల్లటి పొక్కులాంటి తుప్పు ఉంటే సన్నటి ఎమరీ కాగితంతో మెల్లగా తుడవాలి. లోహం మీద గీతలు పడితే కొత్త వాల్వూ కారుతుంది.

కొత్తదానికి సబ్బునీళ్లు రాసి లోపలి నుంచి కన్నంలోకి దూర్చండి. నూనె, గ్రీజు వద్దు. ఎందుకో పైన చెప్పుకున్నాం. పుల్లరును వాల్వు మరలకు బిగించి నిటారుగా లాగాలి. పటకారుతో లాగితే మరలు చెడతాయి, పక్కకు లాగితే కొత్త రబ్బరు తొలిరోజే చిరుగుతుంది. ఒకచోట ఆగి, ఇంకొంచెం లాగితే 'టప్' అని కూర్చుంటుంది. రబ్బరు గాడి రిమ్ము అంచును చుట్టూ పట్టుకున్నట్టు కంటికి కనిపించాలి. యాభై రూపాయల వస్తువు కోసం పడిన పాట్లలో ఈ భాగానికి పట్టేది నిమిషమే.

గాలి పట్టడమే ఆఖరి గండం

దిగిన అంచు మళ్లీ గట్టు ఎక్కి కూర్చోవాలంటే గాలి ఒక్క ఉదుటున రావాలి. కాలి పంపుతో ఎంత తొక్కినా అంచు సందుల్లోంచే పోతుంటుంది. అంచులకు సబ్బునీళ్లు దండిగా రాసి, పిన్ను తీసి ఉంచి కంప్రెసరుతో కొడితే గాలి జోరుగా దూరుతుంది. టైరు చుట్టూ నడుముకు తాడు బిగించి కర్రతో మెలిపెడితే అంచులు బయటికి విచ్చుకుని కొంత పట్టు దొరుకుతుంది. ఠప్పుమని చప్పుడు వచ్చిందంటే అంచు కూర్చున్నట్టే. టైరు పక్కన అచ్చులో ఉండే సన్నటి గీత రిమ్ముకు చుట్టూ ఒకే దూరంలో ఉందో లేదో చూడాలి. ఎక్కడైనా లోపలికి పోయి ఉంటే గాలి తీసి మళ్లీ మొదలు. కూర్చోవడం లేదని ఇంకా ఇంకా కొడుతూ పోవడం ప్రాణాలతో ఆట. టైరు మీద అచ్చేసిన గరిష్ఠ పీడనం దాటకూడదు, గాలి కొట్టేటప్పుడు మొహం దాని మీదికి వంచకూడదు. సందులో పెట్రోలు చల్లి అగ్గిపుల్ల గీసి టైరు ఎక్కించే వీడియోలు చాలా తిరుగుతున్నాయి. వాటి జోలికి పోకండి.

నా మాట అడిగితే, ఇంట్లో కంప్రెసరు లేనివాళ్లు చక్రం విప్పడం దగ్గరే ఆగడం మంచిది. చక్రాన్ని ఆటోలో వేసుకుని పంచరు షాపుకు తీసుకెళితే అంచు దించి, ఎక్కించి, గాలి పట్టి ఇస్తారు. చక్రం విప్పడం, బిగించడం మన పని, మధ్యది వాళ్ల పని. వాల్వును చేతిలో పెట్టి ఎదురుగా నిలబడి వేయించుకోవచ్చు. ఇందులో నామోషీ ఏమీ లేదు.

తిరిగి బిగించేటప్పుడు టైరు పక్కన ఉన్న బాణం గుర్తు బండి వెళ్లే దిక్కు చూడాలి. యాక్సిల్ నట్టు మాన్యువల్‌లో చెప్పినంత బిగువుండాలి. దానికి స్ప్లిట్ పిన్ను ఉంటే పాతది వంచి వాడకుండా కొత్తది వేయాలి. చెయిను బిగువు చూసుకోవాలి. డిస్కు బ్రేకైతే బండి కదిలించే ముందే లీవరు గట్టిపడేదాకా నాలుగైదుసార్లు నొక్కాలి. ఇది మరిచిపోయి వీధి చివర గోడను పలకరించినవాళ్లున్నారు.

---

▣ ఒకే మరలు, ప్రపంచమంతా

గాలి నింపిన టైరుకు 1845లోనే రాబర్ట్ విలియం థామ్సన్ పేటెంటు తీసుకున్నా ఎవరూ పట్టించుకోలేదు. కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం జాన్ బాయిడ్ డన్‌లప్ బెల్‌ఫాస్ట్‌లో చేసిన టైరు 1888 పేటెంటుతో లోకానికెక్కింది. గాలిని లోపల ఆపే సంగతి తేల్చింది న్యూయార్క్‌లో స్థిరపడిన జర్మన్ ఆగస్ట్ ష్రేడర్ కుటుంబం. నీటిలో మునిగి పనిచేసేవాళ్ల శిరస్త్రాణాలకు ఇత్తడి సామాన్లు చేసిన అనుభవం వాళ్లది. 1893లో పేటెంటు పొందిన ఆ నమూనాయే ఇప్పటికీ మన బైకుల్లో, కార్లలో, లారీల్లో ఉంది. మీ బైకు వాల్వు మూత కారుకు కూడా సరిపోయేది అందుకే. ఏసీ మెకానిక్కు గ్యాసు నింపేటప్పుడు తెరిచే మూత కింద ఉండేదీ ఇదే జాతి పిన్ను.

ట్యూబు లేని టైరుకు గుడ్‌రిచ్ కంపెనీ ఇంజినీరు ఫ్రాంక్ హెర్జెగ్ 1952లో పేటెంటు పొందాడు. మన సైకిళ్ల వాల్వు మాత్రం వేరే కుదురు. పిన్ను బదులు సన్నటి 'వాల్ ట్యూబు' గాలిని ఆపుతుంది. దాన్ని అంగుళం కొనుక్కొచ్చి తొడిగినవాళ్లకు ఈ పని కొత్తేమీ కాదు.

---

పంచరు షాపు కడుపు కొట్టినట్టా?

మన జాతీయ రహదారుల వెంట పంచరు షాపుల్లో మలయాళం వినిపించడం పాత సంగతి. బోర్డు మీదే కేరళ పేరు రాసి ఉంటుంది. ఊరు కాని ఊళ్లో, భాష కాని భాషలో, రాత్రి రెండింటికి తలుపు తట్టినా లేచి వచ్చేవాళ్లు వాళ్లు. ఇంటి దగ్గర వాల్వు మార్చుకోవడం వాళ్ల పొట్ట కొట్టడం కాదు. నడిరోడ్డు మీద వాల్వు ఊడితే ఎలాగూ వాళ్లే దిక్కు. వాళ్లతో బేరమాడే తీరులోనే తేడా రావాలి. టైరు మార్చే కూలి దగ్గర ఇరవై రూపాయలు తగ్గించమని పట్టుబట్టే మనిషికి, వాల్వు కూడా మారుద్దామా అని షాపువాడు ఎందుకు చెబుతాడు? బిల్లు పెంచుతున్నాడంటారని ఊరుకుంటాడు. టైరు అంచు ఎలాగూ దించాక వాల్వు మార్చడానికి అదనపు కూలి దాదాపు ఏమీ ఉండదు. పని విలువ తెలిసినవాడు ఆ రోజు "అన్నా, కొత్త వాల్వు కూడా వెయ్యి" అని తానే అంటాడు.

బండి మీదే బతికే డెలివరీ కుర్రాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. గాలి దిగిన గంట వాళ్లకు జీతం లేని గంట. కూకట్‌పల్లిలోనో బెంజి సర్కిల్లోనో రోజుకు పన్నెండు గంటలు తిరిగే బండికి టైరు ఏడాదికే అరగొచ్చు. వాళ్లలో చాలామంది పంచరు కాకుండా టైరులో జిగురు ద్రవం పోయించుకుంటారు. చిన్న మేకులకు అది పనిచేస్తుంది. కానీ అదే జిగురు పిన్నులో గడ్డకట్టి గాలి మీటరు తప్పు చూపిస్తుంది, ఒక్కోసారి పిన్నును తెరిచే ఉంచేస్తుంది. జిగురు పోయించినవాళ్లు ఒక పిన్ను అదనంగా దగ్గర పెట్టుకోవాలి.

ఎండాకాలం గాలి తక్కువ పట్టించాలన్న నమ్మకం ఎక్కడిదో గానీ మన దగ్గర గట్టిగా ఉంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే బైకు టైరులో పీడనం పెరిగేది ఒకటిన్నర పాయింటు. దానికి టైరు పగలదు. గాలి తక్కువైతేనే టైరు పక్కభాగం ప్రతి చుట్టుకూ నలిగి వేడెక్కుతుంది. పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు, కంపెనీ చెప్పినంత పట్టించడమే సరి. బంకులో గాలి ఉచితంగా పట్టాలన్నది చమురు కంపెనీల నిబంధనే కాబట్టి, లైను ఉందని మొహమాటపడి బండిని దూరంగా ఆపకండి. వాల్వు కిందికి వచ్చేలా చక్రం తిప్పి, గొట్టం మూతి నిటారుగా పెట్టేంత దగ్గరకు బండి జరపండి.

కొత్త వాల్వు వేసిన మర్నాడు పొద్దున్నే మీటరు పెట్టి చూడండి. పాయింటు కూడా తగ్గకపోయినా మొదట్లో సబ్బునీళ్లు ఒకసారి పోసి, కాడను అటూ ఇటూ వంచి చూడండి. మొదటి పాతిక కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. అంచులకు రాసిన సబ్బు ఆరేలోపు గట్టిగా బ్రేకు వేస్తే టైరు రిమ్ము మీద జారొచ్చు. సుద్దగీత వాల్వు ఎదురుగానే ఉందో లేదో చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. కొట్లో వాల్వులు రెండు కొన్నవాళ్లు రెండోదాన్ని వెలుతురు తగలని చోట, ప్లాస్టిక్ సంచిలో కట్టి సీటు కింద ఉంచండి. వాడకపోయినా రబ్బరుకు వయసు మీదపడుతుంది కాబట్టి, సంచి మీద కొన్న సంవత్సరం రాసి పెట్టండి.